చందుర్తిలో ఆ చేను కోసేసి ఉంటే? – మీకు తెలుసా!

విశాఖపట్నం కంచరపాలెంలో మా బాబాయిగారి అరుగు మీద ఆదివారం సాయంత్రమైతే ఒక లాంగ్ నోటుబుక్కు తెరుచుకుంటుంది. అందులో ఓ కథ నడుస్తోంది. 1758లో మన తీరంలో ఇంగ్లీషువాళ్ళు ఓడిపోయి ఫ్రెంచివాళ్ళు గెలిచి ఉంటే, ఆ తర్వాత విశాఖపట్నం ఏమయ్యేది అన్నదే ఆ కథ. ఐదుగురం రాస్తాం, వారానికొకరి వంతు. రాసినవాళ్ళు పైకి చదువుతారు, మిగతా నలుగురూ కడిగిపారేస్తారు. అభ్యంతరాలన్నీ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో పడతాయి. వాటికి జవాబు చెప్పాకే తర్వాతి అధ్యాయం మొదలుపెట్టాలి. మొదటి రెండు నోటుబుక్కులూ నిండిపోయాయి, ఇప్పుడు మూడోది నడుస్తోంది.

ఇలాంటి రచనల్ని ప్రత్యామ్నాయ చరిత్ర అంటారు. మా అరుగు మీద మాత్రం వాటిని ‘ఒకవేళ కథలు’ అనే అంటాం. ఈ కథ రాయబోయి మా ఊరి అసలు చరిత్రలో ఎన్ని సంగతులు తవ్వుకున్నామో లెక్కలేదు. వాటిలో నాకు బాగా నచ్చినవి మీతో పంచుకుంటున్నాను.

మీకు తెలుసా? ఓ చేను అడ్డం ఉండబట్టి కోస్తా చరిత్ర మలుపు తిరిగింది

ఉత్తర సర్కారులు, అంటే ఇంచుమించు ఇవాళ్టి మన కోస్తా జిల్లాలు, 1753 నుంచి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేవి. సలాబత్ జంగును హైదరాబాదు గద్దె మీద నిలబెట్టిన సేనాని బుస్సీకి సైన్యం ఖర్చుల కింద ఈ ప్రాంతం దక్కింది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది ఆయన ఫిరంగులకే. ఆ ఏడాదే విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ళ వర్తకపు కోఠీ కూడా ఆయన పరమైంది. అప్పటికి చూసినవాళ్ళెవరైనా ఈ తీరం ఇక ఫ్రెంచివాళ్ళదే అనుకునేవాళ్ళు.

ఏడాది తిరక్కుండానే లెక్క మారింది. ఫ్రాన్సు నుంచి కొత్తగా వచ్చిన సేనాని లాలీ 1758లో బుస్సీని ఇక్కణ్ణుంచి వెనక్కి పిలిపించుకున్నాడు. ఆయన చోట కాన్‌ఫ్లాన్స్ అనే దొర వచ్చాడు. విజయనగరం ఆనందరాజుకు అప్పటికే ఫ్రెంచివాళ్ళ మీద మనసు విరిగింది. విశాఖపట్నాన్ని వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. మద్రాసులోని ఇంగ్లీషువాళ్ళకు తమ గొడవ తమకే సరిపోయింది. చివరికి బెంగాల్ నుంచి క్లైవు ఒక దళాన్నిచ్చి కర్నల్ ఫోర్డును ఓడల మీద పంపాడు. ఫోర్డు విశాఖలో దిగి, ఆనందరాజు సైన్యాన్ని కలుపుకుని దక్షిణంగా నడిచాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి.

ఇక్కడే ఆ చేను వస్తుంది. ఫోర్డు తెల్ల పటాలం నిలబడ్డ చోటికి ముందు నిలువెత్తు పెరిగిన చేను ఉంది. అవతలివాళ్ళకు ఆ పటాలం కనబడలేదు. పక్కనే ఉన్న బెంగాల్ సిపాయిలు మాత్రం కనబడ్డారు. వాళ్ళవీ ఎర్రకోట్లే. తెల్లవాళ్ళ పటాలం అదేననుకుని ఫ్రెంచివాళ్ళు తమ బలమంతా వాళ్ళ మీద కుమ్మరించారు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచేశామనుకున్న ఫ్రెంచివాళ్ళు వరసలు తప్పి తరుముకుపోతుండగా, చేను వెనకనుంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది. యుద్ధం అక్కడే తేలిపోయింది. నాలుగు నెలలకు, 1759 ఏప్రిల్లో, మచిలీపట్నం కోట కూడా ఫోర్డు చేతికొచ్చింది. ఆ తర్వాత ఈ తీరాన ఫ్రెంచివాళ్ళ ఏలుబడి నామమాత్రమైంది. మిగిలింది యానాం లాంటి చిన్న చోట్లే.

మా కథ మొదటి వాక్యం అందుకే ఒక రైతుతో మొదలవుతుంది. చందుర్తిలో ఆ కాపు ఆ ఏడాది వారం ముందు కోతకు దిగాడు. మిగతాదంతా దానిమీద కట్టిందే. ‘ఫ్రెంచి రాజు ఎక్కువ సైన్యం పంపి ఉంటే’ అని మొదలుపెట్టొచ్చు, కానీ అలా మొదలుపెడితే యూరప్ అంతా మార్చుకుంటూ పోవాలి. మార్పు ఎంత చిన్నదైతే కథ అంత బలంగా నిలబడుతుందని ఆ చేను మాకు నేర్పింది.

మీకు తెలుసా? ఫ్రెంచివాళ్ళకు తెలుగులో ఒక పాత పేరుంది

పరాసులు! ఇవాళ ఈ మాట ఎవరూ వాడరు గానీ బొబ్బిలి కథ పాడినవాళ్ళ నోళ్ళలో బుస్సీ సైన్యం పరాసులే. మా కథలో మేం ‘ఫ్రెంచి’ అన్న మాటే రానివ్వం. పరాసులు గెలిచిన లోకంలో ఆ మాట చచ్చిపోదు కదా! మొదట అచ్చువేసే తెలుగు పత్రిక కూడా పరాసు దొరతనం కిందే రావాలి. ఈ ఒక్క మాట పట్టుకున్నాక మా ఐదుగురికీ ఆ లోకం కళ్ళకు కట్టింది.

మీకు తెలుసా? ‘ఒకవేళ’కు మన వ్యాకరణంలో ఒక పేరే ఉంది

చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నదే. ‘వానలు పడితే పంటలు పండుతాయి.’ ఇది చేదర్థక వాక్యం. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని. షరతు చెప్పే వాక్యమన్నమాట. మా మూకలో టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. ఈ కథలన్నీ చేదర్థకం ఒక్క దానిమీదే నడుస్తాయని ఆవిడే మొదట గుర్తుచేశారు. అంతటితో ఆగలేదు. ‘పడితే’కూ ‘పడి ఉంటే’కూ తేడా చూడమన్నారు. మొదటిది ఇంకా జరగడానికి వీలున్నది, రెండోది చెయ్యి జారిపోయింది. మన కథంతా ఆ ‘ఉంటే’లోనే ఉంది అన్నారు.

ఇలాంటి ఊహలంటే పడనివాళ్ళకు మన భాషలోనే జవాబు సిద్ధంగా ఉంది. అత్తకు మీసాలొస్తే మామ అంటాం అని ఒక్క మాటతో కొట్టిపడేస్తారు. మా బాబాయిగారు మాత్రం ఆ సామెతకు ఎదురు మాట చెబుతారు. అత్తకు మీసాలు రావు. చేను మాత్రం వారం ముందు కోతకు రావచ్చు. జరగడానికి వీలే లేనిదాన్ని ఒక మూలనా, జరగబోయి తప్పిపోయినదాన్ని ఇంకో మూలనా పెట్టడమే ఈ కథలు రాసేవాడి మొదటి పని.

మీకు తెలుసా? ఈ అలవాటుకు రెండు వేల ఏళ్ళ వయసుంది

రోము చరిత్ర రాసిన లివీ తన తొమ్మిదో పుస్తకంలో కథ ఆపి, అలెగ్జాండరు తూర్పుకు పోకుండా రోము మీదికి వచ్చి ఉంటే ఎవరు గెలిచేవాళ్ళో తర్కించాడు. రోమే గెలిచేదని తేల్చాడు, తన రాజ్యం కదా! ఫ్రాన్సులో 1836లో లూయీ జెఫ్రువా అనే ఆయన నెపోలియన్ ప్రపంచాన్నంతా జయించినట్టు పుస్తకం రాశాడు. ఓడిపోయిన జాతి ఊహల్లో గెలవడం అప్పటినుంచీ ఉన్నదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1931లో ఇంగ్లండులో వచ్చిన ఒక వ్యాస సంకలనం. దానికి స్క్వైర్ సంపాదకుడు. అందులో చర్చిల్ ఒక వ్యాసం రాశాడు. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర దక్షిణాది సేనాని లీ ఓడిపోయాడన్నది చరిత్ర. చర్చిల్ వ్యాసం లీ గెలిచిన లోకంలో కూర్చున్న చరిత్రకారుడు రాసినట్టు ఉంటుంది. ఆ చరిత్రకారుడు ‘ఒకవేళ లీ గెలవకపోయి ఉంటే’ అని ఊహిస్తాడు. అంటే మన లోకం అక్కడ కట్టుకథ! ఈ ఎత్తుగడ తెలిశాక మేం కూడా ఒక అధ్యాయం అలాగే రాశాం. పరాసు విశాఖలో ఒక బడిపంతులు, ఇంగ్లీషువాళ్ళు గెలిచి ఉంటే ఏమయ్యేదో పిల్లలకు చెబుతాడు. పిల్లలు నమ్మరు.

మీకు తెలుసా? మన పిల్లల పదకొండో తరగతి పాఠంలో ఇలాంటి కథ ఉంది

ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు వాచకం హార్న్‌బిల్‌లో ‘ది అడ్వెంచర్’ అనే పాఠం ఉంది. రాసింది ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్. ఆయన మరాఠీ కథే దీనికి మూలం. గంగాధరపంత్ అనే చరిత్ర ఆచార్యుడు రైలెక్కి బొంబాయి చేరేసరికి అక్కడి లోకమే మారిపోయి ఉంటుంది. 1761 పానిపట్టు యుద్ధంలో మరాఠాలు గెలిచిన లోకం అది. తేడా ఎక్కడ వచ్చిందో ఆయన పుస్తకాలు తిరగేసి వెతుకుతాడు. విశ్వాసరావుకు తగలాల్సిన తూటా వెంట్రుకవాసిలో తప్పిపోయింది, అంతే.

అంతకు ఎంతో ముందు, 19వ శతాబ్దంలోనే, బెంగాల్‌లో భూదేవ్ ముఖోపాధ్యాయ్ పానిపట్టులో మరాఠాలు గెలిచినట్టు కల కని, భారతదేశ చరిత్ర రాశాడు. బెంగాలీకీ మరాఠీకీ పానిపట్టు దొరికింది. మనకు చందుర్తి ఉంది, బొబ్బిలి ఉంది, 1794లో చినవిజయరామరాజు కంపెనీ సేనల చేతిలో కూలిన పద్మనాభం ఉంది. పద్మనాభం ఇక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు. అయినా తెలుగులో వీటిమీద ఒకవేళ నవల ఒక్కటీ నా చేతికి చిక్కలేదు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

మీకు తెలుసా? మాయాబజార్‌లో పాండవులు లేరు

1957 నాటి మాయాబజార్ ఎన్నిసార్లు చూసి ఉంటారు? ధర్మరాజు గానీ భీముడు గానీ అర్జునుడు గానీ ఒక్క సీనులో కనబడరు. ఇంకో సంగతి. బలరాముడి కూతురు శశిరేఖా, అభిమన్యుడితో ఆమె పెళ్ళీ వ్యాసుడి భారతంలో లేవు. ఎక్కడో జానపదుల నోట పుట్టి, నాటకాల్లో పెరిగి, తెరమీదికి వచ్చిన కథ ఇది. కృష్ణుడూ అర్జునుడూ ఒకరిమీదొకరు కత్తి దూసిన గయోపాఖ్యానమూ అలాంటిదే. చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకంగా రాస్తే తెలుగునాట ఊరూరా ఆడారు. 1963లో కె.వి. రెడ్డి దాన్ని శ్రీకృష్ణార్జున యుద్ధము సినిమాగా తీశారు.

భారతం వదిలిన ఖాళీల్లో మనవాళ్ళు ఎంత ధైర్యంగా ఇళ్ళు కట్టుకున్నారో చూడండి. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబూకవధను శంబూకుడి వైపు నిలబడి రాశారు. ఓల్గా ‘విముక్త’లో సీతను శూర్పణఖతోనూ అహల్యతోనూ కలిపించి మాట్లాడించారు. ఇవేవీ ప్రత్యామ్నాయ చరిత్ర అన్న పేరుతో రాలేదు గానీ చేసిన పని అదే. పురాణం మీద ఇంత చనువున్న మనం చరిత్ర దగ్గరికొచ్చేసరికి ఎందుకో చేతులు కట్టుకు నిలబడతాం.

మీకు తెలుసా? బుర్రకథలో ప్రశ్నలేసేవాడికి వేరే పాత్రే ఉంది

కథకుడు నడుమ తంబుర పట్టుకుంటాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, రెండోవాడిది రాజకీయం. రాజకీయం చెప్పేవాడు బొబ్బిలి కథ నడుస్తుండగానే ఇవాళ్టి సంగతి అందులోకి లాక్కొస్తాడు, ‘అదెలా కుదురుతుంది?’ అని నిలదీస్తాడు. నాజర్ లాంటి మహానుభావుడి కథలు అంతగా జనానికి ఎక్కాయంటే ఆ పక్కవాళ్ళ పాలు కూడా తక్కువది కాదు. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడి వెంట నడిచే గోపకుర్రాడు ప్రతి మజిలీలో ఏదో వింత చూసి ‘ఇదేమిటి స్వామీ?’ అని అడక్కపోతే కథే లేదు. ఇంట్లో అమ్మమ్మ కథ చెప్పినా ‘ఊఁ’ కొట్టేవాళ్ళు ఉండాల్సిందే. ఊఁ ఆగిందంటే కథ ఆగింది.

మా నోటుబుక్కులో ఎర్ర ఇంకు చేసే పని అదే. ఒకసారి ఐటీఐలో చదివే కుర్రాడు తన వంతులో ఇలా రాసుకొచ్చాడు: పరాసు దొరతనం విశాఖ రేవు కడుతూ, అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని తెచ్చి రేవు మూతి దగ్గర కావాలని ముంచేసింది. అందరం గోల చేశాం. ఓడల్ని ముంచి గోడ కట్టడమేమిటి, సినిమా కాదు కదా అని నేనే ఎర్ర ఇంకుతో పెద్ద గీత కొట్టాను. మరుసటి వారం వాడు పోర్టు చరిత్ర పట్టుకొచ్చాడు. అది నిజంగా జరిగిందే! 1930ల మొదట్లో జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని అలాగే ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ ఈ రేవులోకి మొదటగా వచ్చింది. నేను కొట్టిన గీత ఆ పేజీలో అలాగే ఉంది. దాని పక్కన ‘క్షమించు’ అని నేనే రాశాను.

మీకు తెలుసా? ఓ అమెరికన్ రచయిత తన కథాలోకాన్ని పాఠకులకే అప్పగించాడు

ఎరిక్ ఫ్లింట్ అనే ఆయన 2000లో ‘1632’ అనే నవల రాశాడు. వెస్ట్ వర్జీనియాలోని ఒక బొగ్గుగనుల ఊరు ఉన్నదున్నట్టుగా 1631 నాటి జర్మనీలోకి వెళ్ళి పడుతుంది. చదివినవాళ్ళకు ఆ లోకం ఎంత పట్టుకుందంటే వాళ్ళూ అందులో కథలు రాయడం మొదలుపెట్టారు. ఫ్లింట్ వాటిని కాదనలేదు. ‘గ్రాంట్‌విల్ గెజిట్’ పేరుతో అచ్చు వేయించాడు. పాఠకులు రాసిన సంగతులు తన నవలల్లోకీ తీసుకున్నాడు.

దానికో కట్టుబాటు ఉంది. కథలోని ఊరు మ్యానింగ్‌టన్ అనే నిజమైన ఊరి నమూనా. అక్కడ లేని వస్తువు కథలోనూ ఉండకూడదు. మీ పాత్రకు లేత్ మిషను కావాలా? ముందు అసలు ఊళ్ళో అది ఉందో లేదో కనుక్కోవాలి.

ఇది చదివిన వారం మేం కథ పక్కనపెట్టి కంచరపాలెం జాబితా వేశాం. ఇప్పటికిప్పుడు మన పేట 1758లోకి పోయి పడితే చేతిలో ఏమేం ఉంటాయి? ఐటీఐ ఉంది కాబట్టి వెల్డింగూ టర్నింగూ తెలిసినవాళ్ళు ఉన్నారు. పాలిటెక్నిక్ ఉంది. పక్కన మర్రిపాలెం వైపు డీజిల్ లోకో షెడ్డు ఉంది, కానీ డీజిల్ ఎన్నాళ్ళొస్తుంది? రైతుబజారు ఉంది, అందులో అమ్మే కూరగాయలు పండేది మాత్రం చుట్టుపక్కల ఊళ్ళలో. మూడో రోజుకే బజారు ఖాళీ! ఆ సాయంత్రం నాకు మా పేట మొదటిసారి పూర్తిగా కనబడింది. పుట్టినప్పటినుంచీ ఇక్కడే తిరుగుతున్నా, ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

మీకు తెలుసా? యానాంకు ఈనాటికీ రైలు లేదు

ఈ సంగతి మాకు తెలిసింది పిన్ని వల్ల. పిన్ని నోటుబుక్కులో రాయరు. టీ గ్లాసులు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చుని వింటారు. ఓ ఆదివారం మధ్యలో ఆపేశారు.

‘ఒరే బాబూ, ఆ పరాసోళ్ళే గెలిస్తే మీ బాబాయికి రైల్లో ఉజ్జోగం ఎవుడిచ్చీవోడు? ఉజ్జోగం లేపోతే మా నాన్న నన్ను ఇచ్చీవోడేటి?’

ఐదుగురం నోరు మూసుకున్నాం. అప్పటిదాకా గవర్నర్లూ ఫిరంగులూ తప్ప మా కథలో ఒక్క పెళ్ళి లేదు. 1890లలో తూర్పు తీరం వెంట రైలు పడింది. తర్వాత ఒకవైపునుంచి మద్రాసు రైల్వే, ఇంకోవైపునుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరులో కలిశాయి. ఆ రైలే లేకపోతే ఇక్కడికి కుటుంబాలు ఎందుకొస్తాయి? జవాబు వెతకడానికి నెల పట్టింది. పుదుచ్చేరికి 1879లోనే రైలొచ్చింది, కానీ అది బ్రిటిషు వైపు ఉన్న విల్లుపురం నుంచి వేసిన లైను. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాంకు ఇప్పటికీ రైల్వేస్టేషను లేదు. కాబట్టి మా కథలో రైలు ముప్పై ఏళ్ళు ఆలస్యంగా, కాకినాడ వైపునుంచి వస్తుంది. బాబాయి రేవులో పనికి కుదురుతారు. పెళ్ళి మాత్రం జరిపించాం. ఆ అధ్యాయం పిన్ని రెండుసార్లు చదివించుకున్నారు.

మీకు తెలుసా? 1971లో మన నౌకాదళం ఒక కట్టుకథ రాసింది, దాని పాఠకులు శత్రువులు

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు పోయి దాక్కుంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించాడు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక తనే విక్రాంత్ అయినట్టు వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఊళ్ళో కాంట్రాక్టర్లకు పెద్ద ఎత్తున రేషన్ పురమాయించారు, ఎవరైనా గూఢచారి చూస్తే పెద్ద ఓడ వచ్చిందనుకోవాలని. విక్రాంత్‌లో పనిచేసే నావికుడు తల్లి ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు ఒక మామూలు సందేశం కూడా రహస్యం లేకుండా పంపారు. ఆ ఒక్క వివరం చూడండి. కథ నమ్మించడానికి ఫిరంగి అక్కర్లేదు, తల్లి జబ్బు చాలు అని ఆయనకు తెలుసు.

డిసెంబరు 3–4 రాత్రి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లేనని మన నౌకాదళం అంది. లోపల పేలుడు జరిగిందనో తాము పెట్టిన మైన్లే పేలాయనో అవతలివాళ్ళు అంటారు. అలా తేలని చోటే దర్శకుడు సంకల్ప్ రెడ్డికి దొరికింది. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాలో మన జలాంతర్గామి ఒకటి నీళ్ళ కిందే పోరాడి ఘాజీని ముంచుతుంది. సినిమాగా నాకు చాలా ఇష్టం. కానీ ఆర్కే బీచిలో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిలో తిరుగుతూ, ఘాజీని ముంచింది ఇదే అని పిల్లలకు చెప్పే పెద్దల్ని నేను చెవులారా విన్నాను. ఒకవేళ కథ రాసేవాళ్ళకు ఇది పెద్ద హెచ్చరిక. ఊహ ఎక్కడ మొదలైందో పాఠకుడికి చెప్పి తీరాలి. మా నోటుబుక్కులో ప్రతి అధ్యాయం కింద ఒక గీత ఉంటుంది. గీత కింద ఆ అధ్యాయంలో నిజంగా జరిగినవేమిటో రాస్తాం.

మీకు తెలుసా? ఆ ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు

విశాఖ దగ్గర పాండ్రంగిలో పుట్టిన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో పోరు మొదలుపెట్టి, 1924 మే 7న కొయ్యూరులో అమరుడయ్యాడు. కొమరం భీమ్ 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. వయసులో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ యవ్వనంలో కొన్నాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళారు, ఆ రోజుల గురించి మనకు తెలిసింది తక్కువ. రాజమౌళికి ఆ ఖాళీ కనబడింది. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ అంతా ఆ ఖాళీలోనే జరుగుతుంది. ప్రపంచమంతా చూసిన ఒకవేళ కథ మన తెలుగుదే.

అయితే నాకో కోరిక ఉంది. సినిమా చూసినవాళ్ళు ఒక్కసారైనా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద మూడు రోజుల్లో వరసగా జరిగిన ఆ దాడుల గురించి చదవాలి. ఏ ఊహా దానికి సాటి రాదు.

మీకు తెలుసా? మా పేట సినిమాలోనూ ఓ చిన్న ఎత్తుగడ ఉంది

2018 నాటి ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడనివాళ్ళు ఈ ముక్క దాటేయండి. నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తాయి. బడిపిల్లాడిది ఒకటి, నడివయసు దాటిన అటెండరుది ఒకటి. నలుగురు వేరువేరు మనుషులనుకుంటాం. చివరికి నలుగురూ ఒక్కడే! దర్శకుడు వెంకటేష్ మహా ఇక్కడి మనుషులతోనే చాలా పాత్రలు వేయించారు. మొన్నటిదాకా కిరాణాకొట్లో కనబడ్డవాళ్ళు తెరమీద కనబడితే పేటంతా మురిసిపోయింది. దాన్ని సమర్పించిన రానాయే ‘ఘాజీ’లో కథానాయకుడు.

మీకు తెలుసా? విశాఖ మీద బాంబులు పడ్డాయి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అంతకుముందు రోజే కొలంబో మీద దాడి జరిగింది. జపాన్ సైన్యం రేపో మాపో తీరంలో దిగుతుందని జనం నమ్మారు. ఊరు ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. మద్రాసు ప్రభుత్వం కూడా తన కార్యాలయాల్ని లోపలి ఊళ్ళకు పంపింది. అంటే ఆ ఏప్రిల్లో ఈ ఊరి మనుషులంతా ఒకవేళ కథలోనే బతికారు. ‘జపాన్‌వాళ్ళు దిగితే?’ అన్న ప్రశ్నకు మూటాముల్లె సర్దుకోవడమే వాళ్ళ జవాబు.

ఎవరూ దిగలేదు. తర్వాత జరిగింది ఏ కథకుడికీ తట్టదు. 1960లలో అదే జపాన్‌కు ఇనుపఖనిజం పంపడానికే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలిచి రైలుమార్గం వేశారు. బైలదిల్లా ఖనిజం ఆ దారినే మన రేవుకు వచ్చింది. బాంబులు పడ్డ రేవునుంచే ఓడలు జపాన్‌కు కదిలాయి. మా మూకలో ఎవరైనా ఇలా రాసి ఉంటే ఎర్ర ఇంకు పడేది.

మేం రాయబోయే నాలుగో నోటుబుక్కు 1942 మీదే. జపాన్ సైన్యం భీమిలి దగ్గర దిగినట్టు రాయాలని మా ఐటీఐ కుర్రాడి పట్టుదల. దిగినా దిగకపోయినా, ఊరు ఖాళీ అయిన ఆ రోజులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాయాలి. బళ్ళు ఎవరు కట్టారు, ఇళ్ళకు తాళాలు ఎవరు వేశారు, ఆవుల్ని ఎవరికి అప్పగించారు, ఏ ఊళ్ళో ఎవరు తలదాచుకోనిచ్చారు, ఎప్పుడు తిరిగొచ్చారు? పుస్తకాల్లో ఇవి దొరకడం లేదు. అప్పటికి పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు తొంభై దాటినవాళ్ళు. కంచరపాలెంలోనో జ్ఞానాపురంలోనో వన్‌టౌన్‌లోనో మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఊఁ కొడుతూ వినండి, విన్నది తారీఖు వేసి రాసి పెట్టండి.